జీడిపప్పు బండికి ఇన్సూరెన్స్: నా అనుభవం

పాలసీ నిన్ననే చేతికొచ్చింది, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. కాశీబుగ్గలో మాది జీడిపప్పు ప్యాకింగ్ యూనిట్. విశాఖకు సరుకు తోలే చిన్న ట్రక్కు నా పేరు మీదే ఉంది, మొన్ననే రెండేళ్లు నిండాయి.

థర్డ్ పార్టీలో, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే భాగంలో, బేరం లేదు. ఆ రేటు ప్రభుత్వమే ఖరారు చేస్తుంది: పబ్లిక్ క్యారియర్‌గా నమోదైన, లోడుతో కలిపి 7,500 కిలోల లోపు బండికి 2022లో పెట్టింది 16,049 రూపాయలు. తేడా అంతా ఓన్ డ్యామేజ్ దగ్గరే, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో. రెండేళ్లు క్లెయిమ్ లేదు కాబట్టి అందులో 25 శాతం బోనస్ తగ్గింపు కూడా వచ్చింది.

అసలు కథ శ్రీకాకుళంలోని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచిలో. ఆఫీసరు కొటేషన్ నా ముందుకు తోసి, కింద మొత్తం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "ఇంతకంటే తక్కువ ఎక్కడా రాదు, సంతకం పెట్టేయండి" అన్నాడు. నేను పైనుంచి చదివాను. ఐఎంటీ-23 అనే అదనపు కవర్ లేదు. సరుకు బండికి అది విడిగా వేయించుకోకపోతే లైట్లు, బంపర్లు, మడ్‌గార్డులు, టైర్లు, పెయింటు దెబ్బతిన్నా, బండి మొత్తం పోతే తప్ప పైసా రాదు. రాత్రిపూట హైవే మీద ఆవు అడ్డొస్తే ముందు పగిలేవి అవే కదా! ఐడీవీ, అంటే బండి మొత్తం పోతే లెక్కగట్టే దాని విలువ, కూడా బాగా తగ్గించేసి ప్రీమియం చిన్నదిగా చూపించాడు. ఇదేమిటని అడిగితే, "ఏటమ్మా, ఇవన్నీ మీకెందుకు, మీవారిని పంపండి, ఆయనకి చెప్తాం" అన్నాడు. పక్కన కూర్చున్న లారీ ఓనర్లు నవ్వారు. కోపంతో గొంతు పూడుకుపోయింది. ఆర్సీ నాది, కట్టే డబ్బు నాది, రేపు కేసైతే కోర్టు మెట్లెక్కేది నేను, చెప్పాల్సింది నాకే అన్నాను. అప్పుడు "మీ డ్రైవరుకి బ్యాడ్జి లేదు, ఎలాగూ క్లెయిమ్ రాదు" అని బెదిరించబోయాడు. బ్యాడ్జి అంటే లైసెన్సు మీద రవాణా బండి నడపడానికి ఇచ్చే విడి అనుమతి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని తేల్చిందని చెప్పేసరికి నవ్వులన్నీ ఆగిపోయాయి. అంతమందిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే, గర్వంగానే చెప్తున్నాను.

అక్కడ సంతకం పెట్టలేదు. వేరే కంపెనీలో ఐఎంటీ-23 కలిపించి, ఐడీవీ సరిగ్గా రాయించి, డ్రైవరుకీ క్లీనరుకీ లీగల్ లయబిలిటీ వేయించాను, అంటే పనిలో వాళ్లకేమైనా అయితే ఓనరు కట్టాల్సిన పరిహారం కంపెనీ కడుతుంది. అది తలకు 50 రూపాయలు. దాన్ని మిగుల్చుకునే ఓనర్లు, వాళ్ల బండి తోలేది ఎవరి బిడ్డో ఒక్కసారి ఆలోచించాలి. మీరూ కొటేషన్లో మొత్తం చూసే ముందు ఏమేం కలిపారో చూడండి, నోటిమాట అస్సలు నమ్మొద్దు.

పొద్దున్న ఆ బ్రాంచి నుంచి ఫోన్: "మేడమ్, మీరడిగినవన్నీ కలిపి రేటు తగ్గిస్తాం." అక్కర్లేదని పెట్టేశాను.