చెయ్యి ఆపరేషన్, 312 షుగర్, మేడారం బంగారం

నిన్ననే డిశ్చార్జ్ అయి హనుమకొండ ఇంటికొచ్చాను. ఎడమచేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మడికొండ దగ్గర బండి జారి కుడి ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. ఎక్స్‌రే, రక్తపరీక్షలు, అడ్వాన్సు అన్నీ ఒక్కరోజులో అయిపోయాయి.

ఆపరేషన్ కూడా తేలికే. మత్తు డాక్టర్ కాలర్ బోన్ పైన స్కానింగ్‌లో చూస్తూ సూది వేశారు. 20 నిమిషాల్లో చెయ్యి అరటిబోదెలా పక్కన పడుంది. డ్రిల్ చప్పుడు వింటూనే ప్లేట్లు వేయించుకున్నా. రాత్రంతా నొప్పే లేదు.

అసలు కథ మర్నాడు పొద్దున ఆరింటికి. సిస్టర్ వేలికి గుచ్చి చూస్తే షుగర్ 312. నాకెప్పుడూ మాత్రలతో 160 దాటదు. ఆమె చూపు నేరుగా స్టూలు మీదికి పోయింది. జాతర నుంచి మా వదిన తెచ్చిన అమ్మవార్ల బంగారం, అదే బెల్లం, పొట్లంలో ఉందక్కడ.

"రాత్రి ఎంత తిన్నారు?"

"ముడి కూడా విప్పలేదమ్మా, చూడు."

"అయితే ఇంకేదో తిన్నారు."

వార్డంతా వింటోంది. మా చిన్నోడి వయసున్న డ్యూటీ డాక్టర్ వచ్చి, "పెద్దాయనా, అబద్ధాలు చెబితే కుట్లు మానవు" అన్నాడు. మా ఆవిడ కూడా అదోలా చూసింది. 31 ఏళ్లు పరీక్ష హాల్లో చిట్టీలు పట్టుకున్నవాణ్ని, దొరికిపోయిన పిల్లాడిలా కూర్చున్నా.

తొమ్మిదింటికి మత్తు డాక్టర్ వచ్చి కేస్ షీట్ తిప్పారు. బ్లాక్‌లో, అంటే చేతి నరాల దగ్గర వేసిన ఆ సూదిలో, మొద్దుబార్చే మందు బుపివకైన్‌తో పాటు డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు కలిపారట. అది స్టెరాయిడ్. నొప్పి తెలియని గంటలు బాగా పెరుగుతాయి, కానీ రక్తంలోకీ చేరి షుగర్‌ను లేపుతుంది. ఆపరేషన్ ఒత్తిడి దానికి తోడు. నరం దగ్గర కాకుండా సెలైన్ గొట్టంలో ఇచ్చినా షుగర్ పెరుగుతుందట. ఇదంతా ఆ షీట్‌లో రాసే ఉంది! అది చదివే తీరిక ఒక్కరికీ లేదు, బిల్లు మాత్రం దూది ఉండతో సహా లెక్కేస్తారు.

షుగర్ ఉన్నవాళ్లు సూదికి ముందే "స్టెరాయిడ్ కలుపుతున్నారా?" అని అడగండి. మొద్దు వదలకముందే నొప్పి మాత్ర కూడా అడిగి వేసుకోండి. నేను ఇంకా హాయిగానే ఉంది కదా అని ఆగాను, పదకొండింటికి చుక్కలు కనిపించాయి.

రెండు రోజులు ఇన్సులిన్ వేస్తే దిగింది. వచ్చేటప్పుడు సిస్టర్‌కూ కాస్త బంగారం పెట్టి రమ్మంది మా ఆవిడ. నేను పెట్టలేదు. పొట్లం ముడి ఇప్పటికీ విప్పలేదు.