ఐఎస్ఎస్ ప్రిపరేషన్: స్టాటిస్టిక్స్-4లో ఒకసారి ఎందుకు పోయానో, రెండోసారి ఎలా గట్టెక్కానో

ఐఎస్ఎస్, అంటే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష ఫైనల్ లిస్ట్ వచ్చి నాలుగు రోజులైంది. అందులో నా పేరుంది. అమ్మ ఇప్పటికీ పొద్దున లేవగానే ఆ పీడీఎఫ్ తెరిచి నా పేరున్న లైను చూసుకున్నాకే టీ పెడుతోంది. కందుకూరు పక్కన పల్లెటూరు మాది. ఢిల్లీ కోచింగ్ లేదు, ఫీల్డ్ ఉద్యోగం చేసుకుంటూనే రెండో అటెంప్ట్‌లో కొట్టాను. గర్వంగానే ఉంది, దాచుకోవడం దేనికి. అడుగుతున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఒకేసారి రాస్తున్నా.

పేటర్న్ మీకు తెలుసు కాబట్టి ఆ సోది వద్దు. ఇంగ్లిష్, జనరల్ స్టడీస్‌కి రోజుకి గంట మించి ఇవ్వలేదు. స్టాటిస్టిక్స్ పేపర్లు నాలుగింటిలో 1, 2 ఆబ్జెక్టివ్ కాబట్టి గడియారం ఎదురుగా పెట్టుకుని పాత పేపర్లు చేయడమే. 3లో శాంప్లింగ్ గట్టిగా పట్టుకోండి. 4లో ఏడు సెక్షన్లలో రెండు ఎంచుకోవాలి కదా, నేను డెమోగ్రఫీ (జనాభా, జనన మరణాల లెక్కల శాస్త్రం), సర్వైవల్ అనాలిసిస్ తీసుకున్నా. ఇక చెప్పేదంతా డెమోగ్రఫీ గురించే, మొదటిసారి నన్ను ముంచింది అదే కాబట్టి.

అప్పుడొచ్చిన ప్రశ్న ఇది. ఒక ప్రాంతంలో పుట్టిన పిల్లల్ని ఇద్దరు వేర్వేరుగా రాశారు, రెండు జాబితాల్లోనూ ఉన్నవాళ్లు ఇంతమంది, ఒక్కదాంట్లోనే ఉన్నవాళ్లు ఇంతమంది, మొత్తం ఎందరు పుట్టారో అంచనా కట్టి, ఆ అంచనా ఎప్పుడు చెడుతుందో చర్చించండి అని. చంద్రశేఖరన్-డెమింగ్ పద్ధతి, 1949 నాటిది, కలకత్తా దగ్గర సింగూర్ ఆరోగ్య కేంద్రం లెక్కల మీద పుట్టింది, అన్నీ నోటికి వచ్చు. మొదటి జాబితాకే దొరికినవాళ్లని రెండో జాబితాకే దొరికినవాళ్లతో గుణించి, రెండింటికీ దొరికినవాళ్లతో భాగిస్తే, ఎవరికీ దొరకనివాళ్లు ఎందరో వస్తుంది. అయిదు నిమిషాల్లో తేల్చేశా. చర్చ దగ్గరికొచ్చేసరికి "రెండు జాబితాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదు" అని గైడ్‌లో వాక్యం రాసి ఆగిపోయా. ఇంకేం రాయాలో తెలియలేదు, ఎందుకంటే ఆధారపడటం అంటే ఊళ్లో ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు. రిటెన్‌లోనే పోయింది. మిగతా పేపర్ల మార్కులు ఓ మోస్తరు, 4 మాత్రం ఘోరం. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంకో ఏడాది ఇంట్లో కూర్చుని చదివే పరిస్థితి మాకు లేదు. పొదిలి, కనిగిరి వైపు కొన్ని ఊళ్లలో ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి పుట్టుకలు, చావులు, వలసలు రాసే ఆరోగ్య సర్వే ఒకటుంటే, అందులో డేటా చెకింగ్‌కి చేరాను. ఉద్యోగంలో చేరితే చదువు అటకెక్కుతుందని చాలామంది అన్నారు. వాళ్లు చెప్పింది తప్పని నేనిప్పుడు గట్టిగా చెప్పగలను.

పద్ధతి మన ఎస్ఆర్ఎస్ (దేశమంతా జనన మరణాల రేట్లు కట్టే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్) లాంటిదే. ఊళ్లో ఉండే ఎన్యూమరేటర్ ఎప్పటికప్పుడు రాస్తుంది. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ వచ్చి, ఆమె పుస్తకం చూడకుండా, ప్రతి ఇంట్లో తానే అడిగి రాయాలి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, కలవనివాటి కోసం మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలి. ఒక రౌండ్‌లో పది ఊళ్ల గుంపు ఒకటి భలే కలిసింది. రెండింట్లోనూ ఉన్నవాళ్లు 90, ఎన్యూమరేటర్‌కి మాత్రమే దొరికినవాళ్లు 0, సూపర్‌వైజర్‌కి మాత్రమే దొరికినవాళ్లు 2. అంటే ఎన్యూమరేటర్ 98 శాతం పట్టుకున్నట్టు. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. నేను రెండు పుస్తకాలూ తెరిచి చూస్తే, ఒక పిల్లాడి ఇంటిపేరులో ఆమె వదిలేసిన సున్నా ఆయన పుస్తకంలోనూ లేదు. ఆమె పొరపాటున 31 అని రాసిన జూన్ పుట్టినతేదీ ఆయన పుస్తకంలోనూ జూన్ 31. అడగలేదు, ఎక్కించుకున్నాడు.

అదే గుంపులో ఇంకొకటి కంటపడింది. ముందు రౌండ్‌లో గర్భిణి అని రాసిన ఒకామెకి పదకొండు నెలలైనా ఫలితం గడి ఖాళీగా ఉంది. పక్కన "పుట్టింటికి వెళ్లింది" అని ఒక్క ముక్క. మన వైపు తొలి కానుపు పుట్టింట్లోనే కదా, ఇలాంటివి ఎన్నో ఉంటాయని అందరూ వదిలేస్తారు. నేను వెళ్లా. అత్తగారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "అవ్వా, మీ కోడలికి కానుపు ఎక్కడయింది?" అంటే చాలాసేపు తలెత్తలేదు.

"ఆత్మకూరులో, వాళ్లమ్మ గారింట్లో. మగబిడ్డ. రెండు దినాలు ఉండి పోయినాడు. పేరన్నా పెట్టలేదు గదమ్మా, వాడి సంగతి ఎవురూ అడగలా, మేమూ చెప్పలా."

వేళ్ల మధ్య ఒక గింజ అలాగే పట్టుకుని ఉంది. నేను కాసేపు ఏమీ రాయలేదు.

పుస్తకం చేతికివ్వకుండా వేరే మనిషిని పంపించి ఆ పది ఊళ్లూ మళ్లీ తిప్పించాం. ఈసారి రెండింట్లోనూ ఉన్నవాళ్లు 80, ఎన్యూమరేటర్‌కే దొరికినవాళ్లు 10, కొత్తాయనకే దొరికినవాళ్లు 8. ఆ ఎనిమిది మందిలో ఆ బాబు ఒకడు. ఎన్యూమరేటర్ పట్టుకున్నది 98 కాదు, 91 శాతమే. లెక్కగట్టి చూడండి: మొదటిసారి ఎవరికీ దొరకనివాళ్లు సున్నా అని సూత్రం చెప్పింది, రెండోసారి ఒకరున్నారని చెప్పింది. ఎక్కించుకున్న జాబితాలోనేమో ఆరుగురు పిల్లలు పూర్తిగా మాయమయ్యారు, పైగా అదే శుభ్రంగా కనిపించింది. ఆ సూపర్‌వైజర్ ఒక్కడిదే తప్పని నేననను. రోజుకి ఇన్ని ఇళ్లు పూర్తవ్వాలని టార్గెట్ పెట్టి, సరిపోలిన శాతం చూసి మార్కులు వేస్తే ఎవరైనా పక్క పుస్తకం వైపే చూస్తారు.

అక్కడితో అయిపోలేదు. ఇద్దరూ నిజాయితీగా తిరిగినా, రెండు రోజులకే పోయిన బిడ్డ సంగతి ఇంట్లోవాళ్లు ఇద్దరికీ దాచే అవకాశమే ఎక్కువ. అలాంటప్పుడు సూత్రం తక్కువే చెబుతుంది. అందుకే ఒకే తరహా వాళ్లని గుంపులుగా విడగొట్టి విడివిడిగా అంచనా కట్టమన్నారు చంద్రశేఖరన్, డెమింగ్. పుట్టింటి కానుపులు ఒక గుంపు, నెల లోపు చావులు ఒక గుంపు. గైడ్‌లో ఇది రెండు ముక్కల్లో ఉంటుంది, చదివి దాటేస్తాం.

రెండో అటెంప్ట్‌లో డేటా నాణ్యత మీద ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. ఈసారి నాలుగు పేజీలు రాశా. పుట్టుకల దగ్గర ఆగకుండా హారం (రేటు కట్టేటప్పుడు కింద భాగించే సంఖ్య) గురించి కూడా రాయండి, చాలామంది వదిలేసేది అదే. బెంగుళూరు, హైదరాబాద్ పనులకి కుటుంబంతో వెళ్లిపోయినవాళ్లని రిజిస్టర్‌లోంచి తీయకపోతే, వాళ్లు అక్కడ చనిపోయినా ఇక్కడ బతికే ఉంటారు, ఏటా వ్యక్తి-సంవత్సరాలు (ఒక్కొక్కరు ఊళ్లో ఉన్న ఏళ్లన్నీ కలిపిన మొత్తం, అదే ఆ హారం) పెరుగుతూ పోతాయి, మరణాల రేటు దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి సాగే సర్వేలో ఈ తప్పు రౌండ్ రౌండ్‌కీ పేరుకుంటుంది. వయసులు 30, 35, 40 దగ్గర కుప్పపడటాన్ని కొలిచే విపిల్ (Whipple) సూచీ అందరూ రాస్తారు, 100 అయితే 0, 5ల వైపు మొగ్గు లేనట్టు, 500 అయితే అందరూ 0, 5లతోనే చెప్పినట్టు. దాన్ని ఊళ్లో ఎలా తగ్గిస్తారో కూడా రాయండి. పెద్దవాళ్లని "1977 ఉప్పెనప్పటికి నీకు పెళ్లయిందా?" అని, తీరం ఊళ్లలో తల్లుల్ని "సునామీ అప్పుడు బిడ్డ నడుస్తున్నాడా?" అని అడిగితే నిజం వయసు బయటపడుతుంది.

టైమ్ ఎలా దొరికిందని అడుగుతున్నారు. ఫీల్డ్ నుంచి ఏడింటికి వచ్చేదాన్ని, ఎనిమిది నుంచి పదకొండు వరకు చదువు. జ్వరమొచ్చిన రెండు రోజులు తప్ప ఏడాదిన్నరలో ఒక్క రాత్రి మానలేదు. ఫోన్ అమ్మకిచ్చేసేదాన్ని. మూడ్ లేదు, రేపు రెండింతలు చదువుతా అనే మాట దయచేసి అనుకోవద్దు. ఆ రేపు వచ్చినవాళ్లని నేనింతవరకు చూడలేదు. రూమ్ తీసుకుని రోజుకి పద్నాలుగు గంటలు చదివేవాళ్లతో పోల్చుకుని నేనూ చాలా టెన్షన్ పడ్డా. కానీ ఆ మూడు గంటల్లో నేను చదివిన ప్రతి పేజీకీ పగలు చూసిన ఒక ఇల్లు గుర్తొచ్చేది.

వైవాలో, అంటే ఇంటర్వ్యూలో, మీది ఏ జిల్లా అన్నారు. "అమ్మమ్మ పుట్టినప్పుడు మా ఊరు నెల్లూరు జిల్లా సార్, 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులో కలిపారు, ఊరు మాత్రం కదల్లేదు" అన్నా. అయితే యాభై ఏళ్ల జిల్లా మరణాల రేటు ఎలా పోలుస్తావని పట్టుకున్నారు. ఊరికి మారని కోడ్ ఒకటిచ్చి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో పక్కన రాసుకుంటే, ఏ సరిహద్దుకైనా కింది నుంచి మళ్లీ కూడుకోవచ్చని చెప్పా. పది నిమిషాలు దానిమీదే నడిచింది. తర్వాత ఒక మేడమ్, ఫీల్డ్‌లో మీరు దిద్దిన తప్పు ఒకటి చెప్పమన్నారు. ఆ బాబు గురించి చెప్పా. చివరికి ఎలా నమోదు చేశారు అని అడిగారు. ఒక జననం, ఒక మరణం, రెండు రోజుల నివాసం, పేరు గడి ఖాళీ అన్నా.

డెమోగ్రఫీ నోట్స్ చేతిరాతది 140 పేజీలుంది, మా చెల్లెలు స్కాన్ చేస్తోంది. లైఫ్ టేబుల్స్ పార్ట్‌లో కొన్ని కొట్టివేతలున్నాయి, అవి తిరగరాశాక ఆదివారానికల్లా పంపిస్తా.