ఇంకా లేవీయకాండమేనా?

పదకొండు కావస్తోంది. అందరూ పడుకున్నారు. మా ఆయన గురక సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. పొద్దున ఉపవాస కూడికలో వదిన ఒక మాట అనింది, అది పంటి కింద రాయి మాదిరి ఇప్పటికీ తగుల్తానే ఉంది. "మేమంతా మొదటి సమూయేలు కాడికొచ్చినాం, నువ్వింకా లేవీయకాండమేనా?" నవ్వుతానే అనిందిలే. లేవీయకాండం బైబిల్లో మూడో పుస్తకం, మొదటి సమూయేలు తొమ్మిదోది.

ఏడాదిలో బైబిలంతా చదివేయాలని గడులు గీసి జనవరిలో గోడకు తగిలించిన చార్టు పుణ్యమిది. లెక్క మాత్రం తప్పు పట్టలేం. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు చదివితే ఏడాదికి 1,095, ఇంకా 94 మిగిలిపోతాయి. అందుకే ఆదివారం ఐదు పెట్టినారు. వారానికి 23, యాభై రెండు వారాలకు 1,196. అంటే రెండు రోజులు జొరమొచ్చి పడుకున్నా నెట్టుకురావచ్చు. ఆ లెక్కన మార్చి నడుమకు సమూయేలు కాడ ఉండాల్సిందే.

జనం ఆగిపోయే చోట్లు రెండు. నిర్గమకాండం 25 మొదలు ప్రత్యక్ష గుడారం, అంటే ఎడారిలో దేవుని ఆరాధనకు వేసిన గుడారం కొలతలు: మూరలు, తెరలు, దిమ్మలు. అది దాటినోళ్లు లేవీయకాండం 13 కాడ కూలబడతారు, కుష్ఠు పొడ మీదే 59 వచనాలు. ఆడ రిబ్బను పెట్టి మూస్తే మళ్ళీ తెరిచేది వచ్చే జనవరిలో, ఆదికాండం ఒకటితోనే. మనోళ్లకు ఆదికాండం అంత బాగా వచ్చేది అందుకే.

గడి ఖాళీగా ఉంటే నలుగురి కళ్ళూ ఆడికే పోతాయి. దాంతో శనివారం రాత్రి వారం బాకీ పద్దెనిమిది అధ్యాయాలూ ఒక్కసారే లాగేస్తారు. ఫోన్లో ఆడియో పెట్టి, స్పీడు పెంచి, పక్కన ఉర్లగడ్డలు తరుగుతా. టిక్కు పడిపోతుంది. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థన చేసుకోమన్న మాట మత్తయి ఆరులో ఉంది కదా, ఆ గడికి కూడా టిక్కు పెట్టే ఉంటారు.

ఉపవాసం సంగతీ ఇంతే. ఈస్టర్‌కు ముందు ఉపవాసముండే శ్రమదినాలు (లెంట్) భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా 46, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. అవి ఎప్పుడూ మన కడప ఎండలు ముదిరేటప్పుడే వస్తాయి. అట్లాంటప్పుడు నీళ్ళు కూడా ముట్టకుండా కూర్చోవడం భక్తి అనుకుంటే తలనొప్పి తప్ప ఏం రాదు. కాఫీ అలవాటున్నోళ్లకు ఆ నొప్పి ఎటూ వస్తుంది, నాలుగు రోజుల ముందు నుంచే కొంచెం కొంచెం తగ్గించుకుంటా రావాల. షుగర్ మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఇంకా ప్రమాదం, షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. మాత్ర మార్చాల్నా, ఉపవాసమే మానాల్నా డాక్టరును అడగాల, పక్కన కూర్చున్న అక్కను కాదు. ఇంత చేసి రెండున్నరకు ఆమేన్ అనంగానే ఏం పంచినారనుకున్నారు? ఉగ్గాని, మిరపకాయ బజ్జీ! ఖాళీ కడుపులో ఆ మంట సాయంత్రం దాకా. ముందు పల్చని మజ్జిగో, రాగి అంబలో ఒక గ్లాసు తాగి, అరగంట ఆగి తినాల. ఎవరికి చెప్పేది.

నేను లేవీయకాండంలో ఎందుకు ఆగినానో వదినకు చెప్పలేదు. రెండో అధ్యాయం, పదహారే వచనాలు, పైకి చదివితే మూడు నిమిషాలు. నైవేద్యంగా తెచ్చిన పిండిలో నుంచి యాజకుడు చేరెడు తీసి బలిపీఠం మీద కాల్చాల అని ఉంటుంది. ఆ 'చేరెడు' కాడ నాకు అవ్వ చెయ్యి కనబడింది, నాలుగు రోజులైనా ముందుకు పోలేదు.

జమ్మలమడుగులో అవ్వ రెండు పూటలా బియ్యం కొలిచేది. కొలిచిన గిన్నెలోంచే గుప్పెడు వెనక్కి తీసి ముంతలో వేసేది. మూటలోంచి కాదు. నేను ఒకసారి మూటలోంచి తీసి వేస్తే, "మ్మే, అట్లేస్తే మనకేం తగ్గింది?" అని ముంతలో చెయ్యి పెట్టి నేనేసింది తీసేసింది. గిన్నెలోంచి తీస్తే ఆ పూట ఒకరికి నాలుగు ముద్దలు తక్కువ పడాల్సిందే. ఎక్కువగా ఆ ఒకరు అవ్వే. ఎండిన వేపాకు నాలుగు రెమ్మలు ముంతలో పెట్టేది, లేకుంటే పదిహేను రోజులకే పురుగు. గుప్పెడు నలభై గ్రాములనుకున్నా రెండు పూటలకు, నెలకు రెండున్నర కిలోలకు కాస్త తక్కువ. నెల మొదటి ఆదివారం మూట కట్టి గుడికి, అదే చర్చికి, తీసుకుపోయేది.

ఇది రాస్తా ఉంటే ఇంకోటి గుర్తొచ్చింది, రాయకుండా ఉందామనుకున్నా. ఆ మూట గుడిలో తూకం వేసి పేరు పెట్టి చదివేవాళ్ళు. ఫలానా ఇంటి నుంచి ఇంత, ఫలానా ఇంటి నుంచి ఇంత. అందరి ముందరే. అంటే అవ్వ కాలంలోనూ చార్టు ఉండింది! కరువు నెలల్లో కిలో కూడా వచ్చేది కాదు, అదీ చదివేవాళ్ళు, అవ్వ కొంగు సర్దుకుని ముందర వరసలోనే కూర్చునేది. ఎక్కువ చూపించడానికని ఆదివారం పొద్దున మూటలోంచి రెండు దోసిళ్లు కలిపినట్టు మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

కాబట్టి చార్టు మీద నా కోపం సగం తప్పే. వదిన ఎనిమిదో తరగతితో చదువు ఆపేసింది, చార్టు లేకుంటే ఆ పుస్తకం ఇన్ని రోజులు వరసగా తెరిచేది కాదు. సమూయేలు మొదట్లోనే హన్నా పెదవులు మాత్రం కదిలిస్తా ప్రార్థన చేస్తే యాజకుడు ఏలీ ఆమె తాగిందనుకుంటాడు. అది చదివి ఏడ్చినానని తనే చెప్పింది, నేనే సరిగ్గా వినలేదు.

నాకు పడేది మాత్రం వేరే పద్ధతి. ఫోను హాల్లో, నేను వంటింట్లో. ఒక అధ్యాయం పైకి చదవడం, పట్టుకున్న వచనం ఒక్కటి చేత్తో నోట్సులో రాసుకోవడం. అదీ పాలు పొంగేలోపు దొరికిన సందులో కాదు, నిద్రలోంచి తీసిన ఇరవై నిమిషాల్లో. రాత్రి కుటుంబ ప్రార్థనకు 119వ కీర్తన: 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున ఇరవై రెండు రాత్రులు. ఒక్కో భాగానికి పేరు ఒక హీబ్రూ అక్షరం, చిన్నోడికి ఆలెఫ్, బేత్, గీమెల్ అని అరవడమే పండగ. పన్నెండు నిమిషాలు దాటితే వాడు నిద్రపోతాడు, మా ఆయన ప్రార్థనలో ప్రసంగం కలిపిన రోజు నేనూ నిద్రపోతా.

రేపు దోసెలకని బియ్యం కొలిచినాను. గుప్పెడు వెనక్కి తీసినాను కూడా. ముంత యాడుంది, ఖాళీ హార్లిక్స్ సీసాలో పోసినా. మా గుడిలో ఇప్పుడు బియ్యం తీసుకోరు, క్యూఆర్ కోడ్ పెట్టినారు. నెలాఖరుకు ఇది ఎవరికియ్యాల్నో వదిననే అడగాల.