అడవి నేలలో లోహం ఎవరి పట్టులో ఉంది?

అడవి నేలలో అల్యూమినియం ఎంత, రాగి ఎంత, సీసం ఎంత అని అడిగితే ప్రయోగశాల ఒక్కోదానికి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె తప్పు కాదు గానీ, చెట్టు వేరుకు ఎదురయ్యేదీ వాన నీటితో కిందికి దిగేదీ ఆ మొత్తంలో చిన్న భాగం మాత్రమే. ఆ భాగాన్ని నిర్ణయించడంలో సేంద్రియ ఆమ్లాల పాత్రకు దక్కవలసినంత ప్రాధాన్యం దక్కడం లేదని నా అభిప్రాయం.

రాలిన ఆకులు, చివికిన కలప, వేళ్ల స్రావాలు, వేళ్లను అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రాలు ఈ ఆమ్లాలకు మూలం. ఆక్సాలిక్, సిట్రిక్, మాలిక్ ఆమ్లాల వంటి చిన్న అణువులు ఒక వర్గం. వీటిని సూక్ష్మజీవులు సాధారణంగా గంటల్లోనో రోజుల్లోనో తినేస్తాయి. హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలని పిలిచే, ఒకే నిర్దిష్ట నిర్మాణమంటూ లేని మిశ్రమాలు రెండో వర్గం. ఇవి చాలాకాలం నిలుస్తాయి. రెండింటిలోనూ లోహాన్ని పట్టేది ముఖ్యంగా కార్బాక్సిల్ సమూహమే (ఒక కర్బనం, రెండు ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల గుంపు). అడవి నేలల్లో తరచుగా కనిపించే పీహెచ్ 4 దగ్గర కూడా (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) ఈ సమూహాల్లో గణనీయమైన భాగం హైడ్రోజన్ అయానును, అంటే ప్రోటాన్‌ను వదిలి రుణావేశంతో ఉంటుంది. బెంజీన్ వలయానికి అంటిన ఆక్సిజన్-హైడ్రోజన్ జత అయిన ఫీనాల్ సమూహం ఒంటరిగా ఉంటే అంత ఆమ్లతలో ప్రోటాన్‌ను వదలదు. పక్కనే కార్బాక్సిల్ ఉన్నచోట మాత్రం ఇనుము, అల్యూమినియం వంటి లోహాలు ఆ ప్రోటాన్‌ను తోసేసి అక్కడ చేరగలవు.

ఒకే అణువులోని రెండు సమూహాలు లోహ అయానును పట్టకారులా రెండు వైపుల నుంచి పట్టుకున్నప్పుడు ఏర్పడే బంధాన్ని కీలేషన్ అంటారు. అప్పటివరకు లోహాన్ని చుట్టుముట్టి ఉన్న నీటి అణువులు విడుదల కావడం వల్ల ఆ పట్టు మరింత స్థిరపడుతుంది. అన్ని లోహాలకూ ఒకే పట్టు దొరకదు. మాంగనీస్ నుంచి జింక్ వరకు ఉన్న ద్విసంయోజక (రెండు ధనావేశాలున్న) అయాన్లలో రాగిదే అత్యంత బలమైన బంధమని రసాయన శాస్త్రవేత్తలు ఇర్వింగ్, విలియమ్స్ 1953లో వివరించిన క్రమం చెబుతుంది. అందుకే నేల ద్రవంలోని రాగిలో అధిక భాగం సేంద్రియ పదార్థంతో కలిసే ఉంటుంది. జింక్, కాడ్మియం అంతకంటే తేలికగా విడివడతాయి. పాదరసం దారి వేరు, అది గంధకం ఉన్న సమూహాలనే వెతుక్కుంటుంది.

అల్యూమినియం విషయంలో లోహం విడిగా ఉందా, బంధంలో ఉందా అన్న తేడా చెట్టుకు ప్రాణసమస్య. పీహెచ్ 5 కంటే తగ్గేకొద్దీ మూడు ధనావేశాలున్న స్వేచ్ఛా అల్యూమినియం అయాను పెరిగి, వేరు కొనల ఎదుగుదలను అడ్డుకుంటుంది. అదే అల్యూమినియం సిట్రేట్‌తోనో ఆక్సాలేట్‌తోనో (ప్రోటాన్లు వదిలిన సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలతో) బంధంలో ఉంటే విషప్రభావం బాగా తగ్గుతుంది. ఒకే కార్బాక్సిల్ ఉన్న ఎసిటిక్ ఆమ్లానికి ఈ రక్షణశక్తి దాదాపు లేదు. కాబట్టి మొత్తం అల్యూమినియం అంకెను మాత్రమే చూసి నేలను విషపూరితమని తేల్చడం తొందరపాటే అవుతుంది.

ఇదే బంధం నేల రూపాన్ని కూడా మారుస్తుంది. చలి, తేమ ఎక్కువగా ఉండే సూదాకుల అడవుల్లో ఆమ్లాలు పైపొరలోని ఇనుమును, అల్యూమినియాన్ని కరిగించి కిందికి తీసుకుపోగా, బూడిదరంగు పొరలో ప్రధానంగా క్వార్ట్జ్ మిగులుతుంది. దిగుతున్నకొద్దీ ఒక్కో ఆమ్ల అణువుకు చేరే లోహం పెరిగి, దాని రుణావేశం తటస్థమై, ఆ లోహ-ఆమ్ల సంక్లిష్టం ఎర్రగానో నల్లగానో అడుగున పేరుకుంటుంది. సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తినేయడం వల్లే లోహం అక్కడ విడిపోతుందనే వాదన కూడా ఉంది. రెండూ జరుగుతాయని అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. పాడ్జోల్ అనే ఈ నేల రూపొందడానికి వందల నుంచి వేల ఏళ్లు పడుతుంది. లోహాన్ని మోసుకెళ్లిన ఆమ్లమే చివరికి దాన్ని అక్కడ బంధిస్తుంది. ఆ బంధం వల్ల ఆమ్లంలోని కర్బనం కూడా త్వరగా కుళ్లకుండా నిలుస్తుంది.

ఉత్తర ఐరోపా, ఉత్తర అమెరికాల్లో ఆమ్ల వర్షాలు తగ్గాక 1990ల నుంచి అనేక సరస్సుల్లో కరిగిన సేంద్రియ కర్బనం పెరిగి నీరు గోధుమరంగుకు తిరిగింది. ఆమ్ల వర్షాలతో వచ్చి చేరే సల్ఫేట్ తగ్గిన నేలలో సేంద్రియ పదార్థం మరింత సులభంగా కరగడం అందుకు ఒక ముఖ్య కారణం. అలా కరిగిన ఆమ్లాలు ఒంటరిగా వెళ్లవు: తాము పట్టుకున్న ఇనుమును, పాదరసాన్ని కూడా నీటిలోకి తీసుకువెళతాయి.