టక్సీడో వేసుకున్న ర్యాపర్‌తో ఒక ఆదివారం

ఆదివారం. బయటికెళ్లే పనేమీ లేదు. పొద్దున కాఫీ దగ్గర్నుంచీ టొరంటో ర్యాపర్ మాస్ట్రో ఫ్రెష్ వెస్ (అసలు పేరు వెస్ విలియమ్స్) ఆల్బమ్‌లు వచ్చిన వరసలోనే పెట్టి వింటున్నాను. కెనడా ర్యాప్ అనగానే మనవాళ్లకి డ్రేక్ తప్ప ఇంకో పేరు తట్టదు. అందులో వింతేమీ లేదు. డ్రేక్ 2009 ఫిబ్రవరిలో 'సో ఫార్ గాన్' మిక్స్‌టేప్‌ని నెట్‌లో ఉచితంగా పెట్టేనాటికి ఎవరి అనుమతీ అడగకుండా జనంలోకి వెళ్లే దారి ఉంది. అంతకు 20 ఏళ్ల ముందు టొరంటోలో ర్యాప్ చేసేవాడికి పాట వేసే పెద్ద రేడియో లేదు, రికార్డు తీసే కంపెనీ లేదు, కెనడా సంగీతానికిచ్చే జూనో అవార్డుల్లో ఓ విభాగమైనా లేదు. వెస్ విలియమ్స్ కెరీర్ అంతా ఆ మూడు లేమిల మధ్యే నడిచింది. అతని ప్రతిభ గురించి ఎవరైనా రాస్తారు. నాకు ఆసక్తి మాత్రం పాట పూర్తయ్యాక అది జనం చెవిన పడేదాకా ఎన్ని చోట్ల ఆగిపోయిందన్న దాని మీద.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. 1968 మార్చి 31న టొరంటోలో పుట్టాడు. అమ్మానాన్నలు గయానా నుంచి వచ్చినవాళ్లు. నార్త్ యార్క్, స్కార్బరో వైపు పెరిగాడు. 1983లో, పదిహేనేళ్ల వయసులో, 'మెలొడీ ఎంసీ' అనే పేరుతో సీకేఎల్‌ఎన్ రేడియోలో మొదటిసారి వినిపించాడు. అది రాయర్సన్ క్యాంపస్ స్టేషన్, 88.1 ఎఫ్‌ఎం. అక్కడ రాన్ నెల్సన్ నడిపిన 'ఫెంటాస్టిక్ వాయేజ్' అనే ప్రోగ్రామే ఊళ్లో హిప్‌హాప్ పిల్లలకి దిక్కు. వారానికోసారి వచ్చే ఒక్క షో మీద ఊరంతా ఆధారపడిందంటే మిగతా రేడియో సంగతి చెప్పక్కర్లేదు.

కంపెనీ దొరికిన తీరు ఇంకా విడ్డూరం. కెనడా మ్యూజిక్ చానెల్ మచ్‌మ్యూజిక్‌లో 'ఎలెక్ట్రిక్ సర్కస్' అనే డాన్స్ షోలో పాడితే అమెరికన్ గాయకుడు స్టీవీ బి కంట పడ్డాడు. ఆ పరిచయంతో న్యూయార్క్‌లోని ఎల్‌ఎమ్‌ఆర్ రికార్డ్స్ సంతకం పెట్టించుకుంది. కెనడాలో పంపిణీ ఆటిక్ రికార్డ్స్ చేసింది. అంటే టొరంటో కుర్రాడి రికార్డు టొరంటో కొట్లోకి రావడానికి న్యూయార్క్ చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది. అతనొక్కడికే కాదు, అంతకు ఏడాది ముందు టొరంటో ర్యాపర్ మిచీ మీకి కూడా అమెరికన్ లేబులే దిక్కయింది.

1989లో 'లెట్ యువర్ బ్యాక్‌బోన్ స్లైడ్' సింగిల్, దాని వెంట 'సింఫనీ ఇన్ ఎఫెక్ట్' ఆల్బమ్. ట్రాక్‌సూట్లు, బంగారు గొలుసుల కాలంలో ఇతను టక్సీడో వేసుకుని, ఆర్కెస్ట్రా కండక్టర్ వాలకంలో దిగాడు. పేరుకి తగ్గ వేషం, దూరం నుంచి కూడా గుర్తుపట్టొచ్చు. సింగిల్ గోల్డ్ అయింది. కెనడా ర్యాప్‌లో అదే మొదటిది. గోల్డ్ అంటే అప్పటి లెక్కలో 50,000 కాపీలు, ప్లాటినం అంటే లక్ష. ఆల్బమ్ ప్లాటినం కూడా దాటింది.

మధ్యాహ్నం వంట చేస్తూ ఆ సింగిల్‌ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను, ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో పట్టుకోవడానికి. ర్యాప్ నేర్చుకునేవాళ్లకి ఇది మంచి కసరత్తు. లెక్క ఇలా ఉంటుంది. ఒక బార్‌కి నాలుగు దెబ్బలు. మామూలుగా కిక్ (బరువైన పెద్ద డ్రమ్ము) 1, 3 మీద, స్నేర్ (చురుక్కుమనే చిన్న డ్రమ్ము) 2, 4 మీద. బీట్ నిమిషానికి 90 అనుకుంటే బార్‌కి దాదాపు 2.7 సెకన్లు, 16 బార్ల చరణం 43 సెకన్లలోపు అయిపోతుంది. ఒక్కో దెబ్బని నాలుగు ముక్కలు చేస్తే బార్‌లో 16 గళ్లు. ఛందస్సు వచ్చినవాళ్లకి ఇది సులువు: గడికో మాత్ర, లఘువుకి ఒక గడి, గురువుకి రెండు. పదహారూ నింపేస్తే నోరు తిరగదు, విన్నవాడికి మాటా అందదు. పది నుంచి పదమూడు దాకా నింపి మిగతావి వదిలేయాలి. ఆ ఖాళీల్లోనే ఊపిరి.

కొత్తవాళ్లు దెబ్బతినేది నాలుగో బార్ చివర. అక్కడికొచ్చేసరికి గాలి అయిపోయి ఆఖరి అక్షరాన్ని మింగేస్తారు. ప్రాస కూర్చునేది సరిగ్గా ఆ అక్షరం మీదే, అదీ నాలుగో దెబ్బ స్నేర్‌తో కలిసి. అది పోతే ముందు కట్టిన మూడు బార్లూ దండగ. మందు ఏమిటంటే, అక్షరాలు తగ్గించాల్సొస్తే లైను తోకలో కాదు, తలలో తగ్గించాలి. మొదటి దెబ్బ ఖాళీగా వదిలి రెండో దాని ముందు ఎత్తుకుంటే అర సెకను పైన గాలి దొరుకుతుంది. కాగితం మీద ఊపిరి తీసే చోట గీత పెట్టుకుని, తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 75 దగ్గర పెట్టి మొదలుపెట్టి, అయిదేసి చొప్పున పెంచుకుంటూ పోవాలి. మాస్ట్రో దగ్గర చూడాల్సింది ఏమిటంటే, ప్రాసలు లైను చివరే కాక లైను మధ్యలో కూడా వరసగా పడతాయి, అయినా ఏ అక్షరమూ నలగదు. స్టేజీ మీద చాలామంది చేసే ఇంకో పొరపాటు మైక్ జాలీని అరచేత్తో కప్పేయడం. మైక్ వెనక వైపు శబ్దం రాకుండా ఆపేది ఆ జాలీ కింది రంధ్రాలే. వాటిని మూసేస్తే మానిటర్ (స్టేజీ మీది స్పీకర్) శబ్దం కూడా లోపలికొచ్చి కూత మొదలవుతుంది, మాట బొంగురుపోతుంది. మైక్ పిడి పట్టుకోండి, తల వదిలేయండి.

సరే, రేడియో. కెనడాలో 1971 నుంచి స్టేషన్లు వేసే పాటల్లో 30 శాతం కెనడావే ఉండాలని రేడియో, టీవీలని నియంత్రించే సంస్థ సీఆర్‌టీసీ నియమం. 1999లో దాన్ని 35 చేశారు. పాట కెనడాదో కాదో తేల్చడానికి మేపుల్ (MAPL) అనే లెక్క ఉంది. నాలుగు పాళ్లు: మ్యూజిక్, ఆర్టిస్ట్, పెర్ఫార్మెన్స్, లిరిక్స్. బాణీ పూర్తిగా కెనడా వాళ్లదా, ప్రధానంగా పాడింది కెనడా వాళ్లా, రికార్డింగ్ కెనడాలోనే జరిగిందా, సాహిత్యం పూర్తిగా కెనడా వాళ్లదా. నాలుగింట రెండు ఉంటే పాస్. రికార్డు మీద వేసే గుండ్రటి ముద్రలో నాలుగు గళ్లుంటాయి, ఏ పాలు దక్కితే ఆ గడి నల్లగా అచ్చవుతుంది. ఇందులో బోల్తా పడ్డ పేరుమోసిన కేసు బ్రయన్ ఆడమ్స్‌ది. 1991 ఆల్బమ్ పాటలు విదేశీ నిర్మాత మట్ లాంగ్‌తో కలిసి రాసి, కెనడా బయట రికార్డు చేయడంతో 'ఆర్టిస్ట్' ఒక్కటే మిగిలింది. ఆ గొడవకే 1993లో సహ రచనకు వెసులుబాటు ఇచ్చారు.

ర్యాపర్‌కి ఈ లెక్క ఇంకో రకంగా తిరగబడుతుంది. అమెరికన్ రికార్డులోంచి శాంపిల్ (ఓ ముక్క కోసి వాడుకోవడం) తీసుకుంటే ఆ పాట రాసినవాళ్ల పేర్లూ చేరతాయి, 'మ్యూజిక్' పోతుంది. న్యూయార్క్ స్టూడియోలో చేస్తే 'పెర్ఫార్మెన్స్' పోతుంది. మిగిలేది సొంత గొంతు, సొంత రాత. అదృష్టం కొద్దీ అవి రెండూ చాలు. అసలు చిక్కు అది కాదు. కోటా దేశాన్ని అడుగుతుంది, పాట ఏ తరహాదో అడగదు. 30 శాతాన్ని రాక్‌తో, కంట్రీతో నింపేసి, ఒక్క ర్యాప్ పాటా వేయకుండా స్టేషన్ హాయిగా లైసెన్సు నిలబెట్టుకోవచ్చు. ప్లాటినం ఆల్బమ్ ఉన్నవాడికి సొంత ఊళ్లో రేడియో లేకపోవడం ఇలాగే సాధ్యమైంది.

నల్లజాతి సంగీతానికి స్టేషన్ కావాలని వ్యాపారవేత్త డెన్హమ్ జాలీ వాళ్ల మైల్‌స్టోన్ సంస్థ పెట్టుకున్న దరఖాస్తుని 1990లో సీఆర్‌టీసీ వాళ్లు కాదని, ఆ ఫ్రీక్వెన్సీని కంట్రీ మ్యూజిక్ స్టేషన్‌కి ఇచ్చారు. దానికి నిరసనగా వెస్ మేనేజర్ ఫార్లీ ఫ్లెక్స్ పూనుకుని 'డాన్స్ అపీల్' పేరుతో కళాకారులందర్నీ ఒక పాట మీద కూర్చోబెట్టాడు. మాస్ట్రో, మిచీ మీ, డ్రీమ్ వారియర్స్ అందరూ అందులో ఉన్నారు. 1997లో రెండోసారీ లేదన్నారు. 2000లో లైసెన్సిచ్చారు, 2001లో ఫ్లో 93.5 గాల్లోకొచ్చింది. 'బ్యాక్‌బోన్ స్లైడ్' వచ్చి అప్పటికి 12 ఏళ్లు. ఆ పన్నెండేళ్లలో ఎంతమంది మైక్ పక్కన పెట్టి వేరే ఉద్యోగాలు చూసుకున్నారో లెక్క ఎవరు రాస్తారు?

1991లో జూనోలు ర్యాప్‌కి విభాగం పెడితే మొదటి అవార్డు మాస్ట్రోదే. పెట్టారు గానీ టీవీలో చూపించే భాగంలో ఇవ్వలేదు. 1998లో వాంకూవర్ ర్యాప్ బృందం రాస్కల్జ్ గెలిచి, అందుకే వద్దని తిప్పికొట్టారు. మరుసటేడు అదే బృందం కార్డినల్ అఫీషల్, చాక్లేర్, థ్రస్ట్, చెక్‌మేట్‌లతో కలిసి 'నార్తర్న్ టచ్'ని జూనో వేదిక మీదే పాడింది. అవార్డు పుచ్చుకోకపోవడం వల్ల వచ్చిన ఫలితం అది.

1992లో వెస్ న్యూయార్క్ వెళ్లాడు. నాకు చూస్తే తార్కికంగానే ఉంది: లేబుల్ అక్కడ, రేడియో అక్కడ. కానీ అక్కడ అతను వందల్లో ఒకడు, ఇక్కడేమో వదిలిపోయినవాడు. 1994 ఆల్బమ్‌కి 'నా, దిస్ కిడ్ కాంట్ బీ ఫ్రమ్ కెనడా' అని పేరు పెట్టాడు. పాటలు గట్టివే, అమ్మకాలు మాత్రం మొదటి దాని దరిదాపుల్లో లేవు.

తిరిగొచ్చి 1998లో తీసిన 'స్టిక్ టు యువర్ విజన్' నా లెక్కలో అతని తెలివైన పని. శాంపిల్ ఎవరిది? విన్నిపెగ్ బ్యాండ్ గెస్ హూ వాళ్ల 'దీజ్ ఐస్'. బర్టన్ కమింగ్స్, రాండీ బాక్‌మన్ రాసింది. రాసినవాళ్లు కెనడా వాళ్లే కాబట్టి శాంపిల్ తీసుకున్నా 'మ్యూజిక్' చేజారదు. పైగా ఆ బాణీ వింటూ పెరిగిన నడివయసు ప్రోగ్రామ్ డైరెక్టర్లు రెండో సెకనులో ఆపేయరు.

తర్వాత నటన. కెనడా ప్రభుత్వ చానెల్ సీబీసీలో 2012 నుంచి 2018 దాకా వచ్చిన 'మిస్టర్ డి' అనే కామెడీ సీరియల్‌లో పాల్ డ్వయర్ అనే టీచర్ వేషం. చాలామంది కెనడా పిల్లలకి ఆయన టీచర్‌గానే తెలుసు. 2019లో 'బ్యాక్‌బోన్ స్లైడ్' కెనడియన్ సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది, అక్కడ అదే మొదటి ర్యాప్ పాట. 2024 మార్చిలో హాలిఫాక్స్ జూనోల్లో కెనడియన్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన్నే చేర్చారు, ర్యాపర్లలో మొదటివాడిగా.

కొత్తవాళ్లు వినాలంటే ముందు 'బ్యాక్‌బోన్ స్లైడ్', వెంటనే 'డ్రాప్ ది నీడిల్', ఆ తర్వాత నేరుగా 1998కి దూకి 'స్టిక్ టు యువర్ విజన్'. 1991 నాటి 'బ్లాక్ టై అఫేర్'ని తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు. 1994 ఆల్బమ్‌ని ఆఖర్న పెట్టుకోండి, ఫ్లో స్టేషన్ కథ తెలిశాక.