మన వర్జీనియాలోనే

పోయిన వేసవిలో ఒక రాత్రి మా పదహారేళ్ల అమ్మాయి పుస్తకం పట్టుకుని మా గదిలోకి వచ్చి, "అమ్మా, లీ కౌంటీ ఎక్కడుంది?" అని అడిగింది. మ్యాప్‌లో వెతికాం. అమెరికాలో మేముండే వర్జీనియా రాష్ట్రానికి నైరుతి కొసన, కెంటకీకీ టెనెస్సీకీ మధ్య ఇరుక్కున్న మూల అది. మేముండే ఆష్‌బర్న్ నుంచి కార్లో ఆరేడు గంటల దారి. మాది దేశంలోనే ఎక్కువ ఆదాయమున్న కౌంటీల్లో ఒకటి. ఇన్నేళ్లుగా ఇక్కడుంటూ ఆ పేరు నేనూ వినలేదు.

ఆ పుస్తకం బార్బరా కింగ్‌సాల్వర్ రాసిన 'డీమన్ కాపర్‌హెడ్'. 2022లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ అందుకుంది. డికెన్స్ పాత ఇంగ్లిష్ నవల 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' కథని ఆవిడ లీ కౌంటీ ఉన్న అపలాచియన్ కొండల్లోకి తెచ్చారు. తండ్రి లేని పిల్లాడు. పదకొండో పుట్టినరోజు నాడే తల్లి నొప్పి మాత్రలు ఎక్కువై చనిపోతుంది. ఫోస్టర్ ఇళ్లలో (ప్రభుత్వం పిల్లల్ని ఉంచే పరాయి కుటుంబాల్లో) బతుకు: ఒకచోట పొగాకు చేలో చాకిరీ, ఇంకోచోట బట్టలుతికే గదిలో పడక. పెద్దయ్యాక ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు విరిగితే డాక్టరు రాసిచ్చేదీ అలాంటి మాత్రలే. 1996లో మార్కెట్లోకి వచ్చిన ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర గురించి జనాన్ని తప్పుదారి పట్టించామని దాని కంపెనీ 2007లో ఒప్పుకున్నది కూడా ఆ కొండల వైపే, ఆబింగ్డన్ కోర్టులో. (డ్రగ్స్, బూతులు చాలా ఉన్నాయి. అంతకంటే చిన్న పిల్లలకైతే నేనివ్వను.)

"పచ్చి పొగాకు చేతులకి తగిలితే నిజంగా జబ్బు చేస్తుందా?" అని ఇంకో రోజు మా అమ్మాయి అడిగింది.

చేస్తుందని నాకు తెలుసు. మాది కందుకూరు దగ్గర పల్లె. అక్కడ పంట పేరే వర్జీనియా పొగాకు. ఆకు కర్రలకి కట్టి, బ్యారన్లో (పొగాకు ఆరబెట్టే గదిలో) వేలాడదీసి, రాత్రంతా మంట వేసేవాళ్లు. ఆకు జిగురు అంటుకుని కూలీల చేతులు నల్లగా ఉండేవి. ఆ చేతుల్లో నా క్లాసు అబ్బాయివి కూడా ఉన్నాయి. నాకు ఆల్జీబ్రా చెప్పింది అతనే. వాళ్ల నాన్న రైతు దగ్గర అడ్వాన్సు తీసుకోవడంతో ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి బ్యారన్ పనికి పోయాడు.

మా పిల్లలకి నా చదువు కథ ఎన్నోసార్లు చెప్పాను. కష్టపడితే ఎవరైనా పైకొస్తారన్నాను. ఆ అబ్బాయి సంగతి మాత్రం అంతవరకూ ఎత్తలేదు.

అంతా విని, "మరి అతను కష్టపడలేదా?" అంది.

"నాకంటే ఎక్కువే పడ్డాడు," అన్నాను.

"ఇప్పుడెక్కడున్నాడు?"

ఆ ఆదివారం ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేసి అడిగాను. పేరు చెబితే గుర్తుపట్టలేదు. వాళ్ల నాన్న పేరు చెప్పాక, "వాడా! కనుక్కుంటాలే," అంది. ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు మా అమ్మాయి ముందుగా అడిగేది అదే, నంబరు దొరికిందా అని.