నేను చదివింది జాగ్రఫీ, నాన్నా

గత ఆదివారం మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. మనవరాలికి ఉద్యోగం వచ్చిందన్న కబురు అప్పటికే చెప్పేశాను. ఆవిడ మళ్లీ అడిగింది, "ఇంతకీ అది ఏం చదివిందిరా?" అని. "డేటా సైన్స్ అమ్మా" అన్నాను. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి.

మా అమ్మాయి అక్కడే సోఫాలో, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలెత్తి, "నేను చదివింది జాగ్రఫీ, నాన్నా" అంది. నేను తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల. ఆ మాట మాత్రం తెలుగులో అంది. నానమ్మకి వినపడాలనే అలా అందని నాకు కాస్సేపటికి గాని తట్టలేదు.

"ఏమంటోందిరా?" అంది అమ్మ.

"భూగోళం చదివిందట అమ్మా."

"మంచి చదువే కదా. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

నా దగ్గర జవాబు లేదు. మాట మార్చి ఫోన్ పెట్టేశాను.

ఆ మూడేళ్ల చదువు పేరు నేను మావాళ్లలో ఎవరి దగ్గరా సరిగ్గా పలకలేదు. మొదటి ఏడాది "సైన్స్‌లో డిగ్రీ" అన్నాను. రెండో ఏడాది "మ్యాపులూ కంప్యూటర్లూ కలిసిన కోర్సు" అన్నాను. మూడో ఏడు "అనలిటిక్స్ లాంటిది" అన్నాను. డేటా సైన్స్‌లో ఉద్యోగం రాగానే నాకు చెప్పుకోదగ్గ పేరు ఒకటి దొరికింది. దాన్నే తెచ్చి చదువు మీద అతికించేశాను. ఎవరు చిన్నచూపు చూస్తారని ఇంత దాచానో వాళ్లకి అసలు ఆ ఆలోచనే లేదు. చిన్నచూపు నాదే.

పదిహేడేళ్లప్పుడు తను జాగ్రఫీ చదువుతానన్న రోజు నేనన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అది చదివి ఏం చేస్తావు, టీచరువి అవుతావా?" అన్నాను. నాకు చదువు చెప్పిన టీచర్లందరినీ ఆ ఒక్క మాటతో కించపరిచాను. రెండు వారాలు ఇంట్లో ముభావంగా తిరిగాను. కంప్యూటర్ సైన్స్ కోర్సుల జాబితా ఒకటి ప్రింట్ తీసి తన టేబుల్ మీద పెట్టాను. ఆ కాగితం వెనకవైపు తను జాగ్రఫీ దరఖాస్తుకి చిత్తు రాసుకుంది. ఎదిరించాలని కాదు, చేతికందిన కాగితం అదే. ఆ కాగితం మా ఆవిడ దాచింది.

నా భయం ఏమిటో ఇప్పుడు చెప్పగలను. నన్ను ఈ దేశం దాకా తెచ్చింది, ఇక్కడ నిలబెట్టింది ఒక్క కంప్యూటర్ చదువే. ఇరవై ఏళ్లు దాటింది డేటాబేసుల మీద పనిచేయడం మొదలుపెట్టి. వేరే దారిలో నడిచి చూడలేదు. నాకు తెలియని దారి కాబట్టి అది దారే కాదనుకున్నాను.

డిగ్రీ అయ్యాక ఉద్యోగాల వేట మొదలైంది. తనకి స్టాటిస్టిక్స్ బాగా వచ్చు, లెక్కలకి వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చు, క్యూజీఐఎస్‌లో మ్యాపులు చేయడం వచ్చు, శాటిలైట్ చిత్రాల్లోంచి నీరు ఎక్కడుందో పంట ఎక్కడుందో వేరుచేయడం వచ్చు. పైథాన్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష అంతంతమాత్రం. డేటాబేసుల్లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, కోడ్‌లో చేసిన మార్పుల లెక్క ఉంచే గిట్ దాదాపు రావు. డేటా సైన్స్ ఉద్యోగాల ప్రకటనల్లో తరచుగా అడిగేవాటిలో ఆ మూడూ ఉన్నాయి. జాగ్రఫీ చదివిన పిల్లలున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్తున్నాను, ఆ మూడూ కొన్ని నెలలు కూర్చుంటే వచ్చేస్తాయి. వాటి కోసం డిగ్రీ మార్చుకోనక్కర్లేదు. ఈ సంగతి నాకు వృత్తిపరంగా ముందునుంచీ తెలుసు. తండ్రిగా మాత్రం ఒప్పుకోలేదు.

ఎస్‌క్యూఎల్ నేనే నేర్పాను. రోజూ రాత్రి ఓ గంట. ఒక రోజు తను నాకో లెక్క ఇచ్చింది. ఒక టేబుల్లో స్కూళ్లు, ఇంకో టేబుల్లో వరద ముంపు ప్రాంతాలు. "ఏ స్కూలు ఏ ముంపులో ఉందో కలిపి చూపించు" అంది. రెండు టేబుళ్లనీ పైనుంచి కింది దాకా చూశాను.

"కామన్ కాలమ్ ఏది?"

"లేదు."

"మరెలా కలుపుతావు?"

"స్థలమే కామన్, నాన్నా. ఈ చుక్క ఆ గీత లోపల ఉంటే కలిసినట్టే."

డేటాబేసులో స్థలాల లెక్కలు చేసే పోస్ట్‌జీఐఎస్‌లో ఒక్క ఫంక్షన్ రాసి చూపించింది. ఇన్నేళ్లూ కస్టమర్ నంబరూ ఆర్డర్ నంబరూ పట్టుకుని టేబుళ్లు కలుపుతూ వచ్చాను. రెండు వస్తువులు ఒకే చోట ఉండటమే వాటి మధ్య సంబంధం అవుతుందని ఎప్పుడూ అనుకోలేదు. ఉత్సాహం వచ్చి, రెండు స్కూళ్ల మధ్య దూరం నేను తీస్తానని రేఖాంశంలోంచి రేఖాంశం తీసివేయబోయాను. తను నా చెయ్యి పట్టుకుని ఆపింది. రేఖాంశంలో ఒక డిగ్రీ అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 111 కిలోమీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికొచ్చేసరికి అందులో సగం. ధ్రువం దగ్గర సున్నా. "ముందు ఈ డేటా ఏ కొలతలో ఉందో చూడాలి, తర్వాతే లెక్క" అంది. పాఠం చెప్పడానికి కూర్చున్నది నేను.

తర్వాత ఒక కంపెనీ వాళ్లు ఇంట్లో చేసి పంపమని ఒక పని ఇచ్చారు. ఒక నగరంలో అక్కడక్కడా పెట్టిన సెన్సార్ల గాలి కాలుష్యం రీడింగులవి. సెన్సార్ లేని చోట కాలుష్యం ఎంతుంటుందో అంచనా వేసే మోడల్ కట్టాలి. మూడు రోజుల గడువు.

డేటాలో ఖాళీలున్నాయేమో చూడమన్నాను. ఒక్క ఖాళీ కూడా లేదు. శుభ్రంగా ఉందనుకున్నాను. తను మ్యాపు మీద వేసి, వెనక్కి జూమ్ చేసి, "ఈ ఆరు సెన్సార్లు సముద్రంలో ఉన్నాయి" అంది. ఎవరో అక్షాంశం దగ్గర సున్నా, రేఖాంశం దగ్గర సున్నా నింపేశారు. ఆ చోటు ఆఫ్రికా పడమటి తీరం అవతల, గినీ గల్ఫ్‌లో ఉంటుంది. టేబుల్లో చూస్తే సున్నా కూడా ఒక అంకే. మ్యాపులో చూస్తేనే తప్పని తెలుస్తుంది.

మోడల్ కట్టింది. రీడింగుల్లో కొన్నిటిని కలగాపులగంగా తీసి పరీక్షకి పక్కన పెట్టి, మిగతావాటితో మోడల్‌కి నేర్పింది. అంచనా ఎంత సరిగ్గా ఉందో చెప్పే స్కోరు చాలా బాగా వచ్చింది. వెనక నిలబడి చూస్తున్న నాకు ప్రాణం లేచొచ్చింది. తను మాత్రం పెదవి కొరుక్కుంటూ గంటసేపు దానివంకే చూసి, మళ్లీ మొదటికొచ్చింది.

వాల్డో టోబ్లర్ అనే జాగ్రఫీ పండితుడు 1970లో చెప్పిన మాట ఒకటుందట. ప్రతిదానికీ మిగతా అన్నిటితో సంబంధం ఉంటుంది, దగ్గరగా ఉన్నవాటితో మరింత ఎక్కువ ఉంటుంది అని. పక్కపక్క వీధుల్లోని సెన్సార్లు ఇంచుమించు ఒకే రీడింగు ఇస్తాయి. ఒకటి నేర్చుకునే గుంపులో, దాని పక్కది పరీక్షలో పడితే, మోడల్ ఏమీ నేర్చుకోకపోయినా పాసైపోతుంది. అందుకని తను నగరాన్ని గళ్లు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని మొత్తంగా దాచిపెట్టి, మళ్లీ పరీక్ష పెట్టింది. స్కోరు బాగా పడిపోయింది.

"మొదటిదే పంపు" అన్నాను. "వాళ్లకి వందమందివి వస్తాయి. ముందు నంబరు చూస్తారు."

"అది నా మోడల్ స్కోరు కాదు నాన్నా. పక్క సెన్సార్ స్కోరు."

ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. తక్కువ స్కోరే పంపింది, ఎందుకు తక్కువో ఒక పేజీ రాసి జతచేసింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నిజం చెప్పాలని చిన్నప్పటినుంచీ దానికి నూరిపోసింది నేనే. నేను మొదటిది పంపమన్నదీ ఊరికే కాదు. మన పేరు చూడగానే పక్కన పడేయకుండా ఉండాలంటే మన నంబరు అందరికంటే ఎక్కువుండాలన్నది, ఇక్కడికొచ్చిన రోజునుంచీ నా మనసులో పాతుకుపోయిన భయం. తను ఇక్కడే పుట్టింది. ఆ భయం తనకి లేదు. లేనందుకు సంతోషించాలో, ఒక్కోసారి ఆ భయం నిజమే అవుతుందని హెచ్చరించాలో నాకు తెలియలేదు.

ఆ కంపెనీ నుంచి రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది, తీసుకోవడం లేదని. "చూశావా" అని నేను నోటితో అనలేదు. "మొహంలోనే అంటున్నావు" అంది తను.

నాలుగు నెలల తర్వాత ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు గురించే అడిగారు. స్కోరు ఎందుకు పడిందో చెప్పమన్నారు. ఇరవై నిమిషాలు అదే మాట్లాడిందట. ఉద్యోగం వచ్చింది. దీన్ని పట్టుకుని తన మాటే నెగ్గిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ ఆ మొదటి ఉద్యోగం దేనివల్ల పోయిందో ఎవరూ చెప్పలేదు. నేను చెప్పింది చేసి ఉంటే నాలుగు నెలల ముందే ఏదో ఒకటి వచ్చేదేమో. ఆ ఆలోచన ఇంకా నాలో ఉంది.

ఆదివారం ఫోన్ అయ్యాక, రాత్రి అందరూ పడుకున్నాక మెయిల్‌లో వెతికాను. తన డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టు ఏడాది కిందటే నాకు పంపింది. "సూపర్, చదువుతాను" అని జవాబిచ్చాను. ఫైలు తెరవనే లేదు.

అరవై పేజీలు. అదే జనం, అవే అంకెలు. వార్డుల హద్దుల్ని మార్చి గీస్తూ పోతే, ఆదాయానికీ ఆరోగ్యానికీ మధ్య సంబంధం ఒకసారి గట్టిగా, ఒకసారి బలహీనంగా కనిపిస్తుంది. చిన్న ప్రాంతాల్ని కలిపి పెద్దవి చేసేకొద్దీ ఇలాంటి సంబంధాలు బలంగా కనపడతాయని గెల్కే, బీల్ అనే ఇద్దరు 1934లోనే చూపించారని రాసింది. మా ఆఫీసులో జిల్లాలవారీగా రిపోర్టులు ఎన్ని చేశానో లెక్కలేదు. గీత ఎవరు గీశారని ఒక్కసారీ అడగలేదు.

చదవడం అయ్యాక మొదటి పేజీకి వెళ్లాను. కృతజ్ఞతలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చివర్లో ఒక్క లైను తెలుగు అక్షరాల్లో ఉంది. "అమ్మకి, నన్నకి." దీర్ఘం పెట్టడం మర్చిపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాలు దిద్దించింది ఆరేళ్లప్పుడు. రెండేళ్లు దిద్దించి, పని ఎక్కువైందని నేనే మానేశాను. ఏడాదిపాటు ఆ లైను నా మెయిల్‌లో అలాగే ఉంది.

మర్నాడు పొద్దున "చదివాను" అన్నాను. "ఇప్పుడా?" అంది. ఇంకేమీ అనలేదు. దీర్ఘం సంగతి నేనూ ఎత్తలేదు.

మొన్న ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయి జాగ్రఫీలో చేరతానంటున్నాడట. "మీ అమ్మాయి చదివింది కదా, ఏం చెప్పమంటావు?" అన్నాడు. ఎలా తెలిసిందో మరి. నిశ్చింతగా చేర్పించమన్నాను. డేటా సైన్స్‌లోకి వెళ్లొచ్చు, జీతాలు బాగుంటాయి అని మొదలుపెట్టాను. రెండు నిమిషాలు మాట్లాడాక నా మాటలు నాకే వినిపించాయి. మళ్లీ ఆ చదువుకి ఉద్యోగాన్నే పూచీ పెడుతున్నాను.

"ఒకవేళ ఆ ఉద్యోగం రాకపోతే?" అన్నాడు అతను.

మా అమ్మాయికి రాకపోయి ఉంటే నేను ఆ రిపోర్టు తెరిచేవాణ్ణా? కాస్త ఆలోచించి మళ్లీ చేస్తానని చెప్పాను. ఇంకా చేయలేదు.